రీయూనియన్ మడుల నుండి లా మెర్సీ చెరకు తోటల దాకా

మన పండుగ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు అడిగినప్పుడు, ట్రూరో ఓడను గురించి వ్రాస్తానని అందరూ అనుకున్నారు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి ఆ ఓడ డర్బన్ రేవు చేరినది మొదలు, 1911లో కూలీల రాక ఆగిపోవు వరకు 1,52,184 మంది ఈ నాటాల్ తీరమున దిగినారు. ఆ కథ మన సంచికలలో పలుమార్లు వచ్చినది, ఇక మీదట కూడా వచ్చును. నేను వ్రాయబోవునది ఓడ దిగిన వారిని గురించి కాదు. వారి మనుమలు విమానమెక్కిన చోటును గురించి. ఆ చోటు ఇప్పుడు మూతపడి ఉన్నది.

నా తెలుగు రాత్రి బడిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించవలెను. చరిత్ర మాత్రము నాకు వృత్తి. ముప్పది ఏండ్లకు పైగా బడిలో అదే చెప్పినాను. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము కూడా నా బడిలో నేను చెప్పిన ఒక తప్పు పాఠమే.

అది 1983వ సంవత్సరము. నేను కొత్త ఉపాధ్యాయుడను. మన ఊరి ఎదుగుదల అనే పాఠము చెప్పుతూ, డర్బన్ విమానాశ్రయమును 1951లో దక్షిణ దిక్కున రీయూనియన్ అనే చోట, ఎవరికీ పనికిరాని చిత్తడి నేల మీద కట్టినారని పిల్లలకు వ్రాయించినాను. సాయంత్రము ఇంట్లో ఆ నోటు పుస్తకములు దిద్దుతూ అదే వాక్యమును పైకి చదివినాను. మా అవ్వ గోడ ప్రక్కన కూర్చుని బియ్యము ఏరుతున్నది. ఆమెకు అప్పటికి డెబ్బది అయిదు దాటినవి. చేట క్రింద పెట్టి, "పనికిరాని నేలా? మీ తాత నడుము వంగిపోయింది అక్కడే గదరా అబ్బాయ్!" అన్నది. మరి మాట్లాడలేదు. బియ్యము ఏరుకున్నది.

మా తాత రీయూనియన్ దగ్గర కూరగాయల మడి చేసినాడని నేను అంతకుముందు విననిది కాదు. కాని ఆ మడి, ఆ విమానాశ్రయము ఒకే చోటని నాకు తట్టలేదు. చరిత్ర చెప్పేవాడికి అది తట్టకపోవడము చిన్న తప్పు కాదు.

ఇక కథలోనికి పోదాము.

డర్బన్ నగరమునకు మొదటి విమానాశ్రయము రీయూనియన్ కాదు. ఊరికి ఉత్తరాన, సముద్రమునకును ఉమ్‌గేని నదికిని దగ్గరగా, స్టాంఫర్డ్ హిల్ అనే పచ్చిక బయలు ఉండేది. గడ్డి మీదనే విమానములు దిగేవి, లేచేవి. 1934 ఫిబ్రవరి 1న ప్రభుత్వమువారి సౌత్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ పుట్టినప్పుడు దాని మొదటి నెలల పని ఈ స్టాంఫర్డ్ హిల్ నుండియే సాగినది. తరువాత దానిని జొహన్నెస్‌బర్గ్ వైపునకు మార్చినారు. అక్కడి ప్రయాణికుల భవనము ఇప్పటికీ నిలిచి ఉన్నది. నాటాల్ మౌంటెడ్ రైఫిల్స్ అనే సైనిక దళమువారు దానిని తమ స్థావరముగా చేసుకొన్నారు.

అదే కాలములో డర్బన్‌కు నీటి మీద దిగే విమానములు కూడా ఉండేవి. 1937 నుండి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వారి పడవ విమానములు ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుండి బయలుదేరి, ఆఫ్రికా ఖండము పొడవునా నదుల మీద, సరస్సుల మీద ఆగుతూ ఆగుతూ వచ్చి మన రేవు నీటిలో దిగేవి. రెండవ ప్రపంచ యుద్ధములో మధ్యధరా సముద్రము మూసుకుపోయినప్పుడు ఈ దారి గుర్రపు నాడా ఆకారములో వంగినది. డర్బన్‌లో మొదలై కైరో, కరాచీ, కలకత్తా మీదుగా ఆస్ట్రేలియాలోని సిడ్నీ దాకా సాగినది. 1942లో సింగపూరు జపానువారి వశమైన తరువాత అది కలకత్తాతో ఆగినది. అంటే మన పెద్దలు కూలికి పోయి వచ్చే దారిలో, ఆ రేవు నీటి మీదనే, ఇండియాకు పోయే విమానము నిలిచి ఉండేది. దానిలో ఎక్కినవారు దొరలు, సైనికాధికారులు. మనవారికి దాని శబ్దము మాత్రమే దక్కినది.

యుద్ధము తరువాత విమానముల బరువు పెరిగినది. స్టాంఫర్డ్ హిల్‌కు ఒక ప్రక్క సముద్రము, ఒక ప్రక్క నది, మిగిలిన ప్రక్కల ఊరు. గడ్డి నేల ఆ బరువు మోయదు, పొడిగించుటకు చోటు లేదు. అందుచేత దక్షిణమున మెరెబ్యాంక్‌కును ఇసిపింగోకును నడుమ ఉన్న పల్లపు భూమిని ఎన్నుకొన్నారు. అదే రీయూనియన్.

ఈ పల్లమును గురించి కొంచెము నిదానముగా చెప్పనివ్వండి. ఉమ్లాస్ నది, ఇసిపింగో నది రెండును అక్కడ కలిసి ఒకే ముఖముతో సముద్రములో పడేవి. వరదకు వండ్రు పరచుకొనేది. ఒడంబడిక అయిదేండ్లు తీరిన మనవారు, తెలుగువారు, తమిళులు, హిందీవారు, చెరకు తోటల నుండి బయటపడి క్లేర్‌వుడ్ మొదలు ఇసిపింగో దాకా ఇటువంటి నేలనే కౌలుకు తీసుకొని కూరగాయలు వేసినారు. నీటి నేల గనుక దొరలు దానిని వదలివేసినారు. నీటి నేల గనుకనే మనవారు దానిని పట్టుకొన్నారు. గట్టు కట్టి, కాలువ త్రవ్వి, నీళ్ళు ఎటు పోవలెనో అటు పంపుట మన పల్లెల్లో తరతరముల విద్య. తోటకూర, మెంతికూర, కొత్తిమీర, కాకర, బీర, బెండ, మిరప. చేమదుంపను ఇక్కడ మనమందరము జూలూవారి మాటతోనే మడుంబీ అంటాము. పల్లపు నేలలో పండిన మడుంబీ రుచి వేరని మా అవ్వ చివరి దాకా వాదించేది.

తాత రెండు ఎకరములు చేసేవాడు. తెల్లవారక ముందే బుట్టలు కట్టి డర్బన్ సంతకు పంపుట, మధ్యాహ్నము కలుపు, సాయంత్రము నీళ్ళు. నీళ్ళంటే రెండు రేకు డబ్బాలు కావడికి కట్టి కాలువ నుండి మోయుట. అవ్వ కూడా మోసినది. మా నాయనకు బడి లేని రోజున ఆయనా మోసినాడు. 1940 దశకము చివర భూమి యజమాని కబురు పంపినాడు. ఈ పంట తీసుకొని లేచిపొమ్మన్నాడు. కౌలు కాగితము ఏడాదికి ఒకసారి తిరగవ్రాసుకొనేది, కాబట్టి అడుగుటకు హక్కు లేదు. ఆ తరువాత తాత మెరెబ్యాంక్‌లో ఇంటి వెనుక పెరడు తప్ప మరొక నేల చేయలేదు.

ఉమ్లాస్ నదిని పాత దారి నుండి తప్పించి, సిమెంటు కాలువలో పెట్టి, తిన్నగా సముద్రములోనికి పంపినారు. ఇసిపింగో నదికి ఆ నీళ్ళు తగ్గిపోయినవి. పల్లమును పూడ్చి చదును చేసి, సుమారు 2,400 మీటర్ల పరుగు బాట వేసినారు. 1951లో విమానములు స్టాంఫర్డ్ హిల్ వదలి అక్కడికి వచ్చినవి.

దానికి లూయీ బోథా పేరు పెట్టినారు. ఆయన బోయర్ సేనాని, 1910లో ఏర్పడిన యూనియన్‌కు తొలి ప్రధానమంత్రి. ఆ రోజులలో జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయము జాన్ స్మట్స్ పేరున, కేప్‌టౌన్‌ది డి. ఎఫ్. మలాన్ పేరున ఉండేవి. ఆఫ్రికా వారిని సొంత నేల కొనకుండా కట్టివేసిన 1913 నాటి భూమి చట్టము బోథా ప్రభుత్వమువారిదే. ఒడంబడిక తీరిన మన కూలీల మీద వేసిన మూడు పౌనుల పన్నుకు విరోధముగా గాంధీగారు అదే ఏట సమ్మె నడిపినప్పుడు గద్దె మీద ఉన్నదీ ఆయనే. పన్ను 1914లో పోయినది. పేరు మాత్రము ముప్పది ఏడేండ్ల తరువాత మన మడుల మీదికి వచ్చినది! ప్రజాస్వామ్యము వచ్చిన తరువాతనే, 1990 దశకము నడుమ, మూడు విమానాశ్రయముల నుండి ఆ పేర్లు తొలగినవి. మనది డర్బన్ అంతర్జాతీయ విమానాశ్రయమైనది.

మేము మెరెబ్యాంక్ పిల్లలము. విమానము మా బడి పైకప్పు మీదుగా పోయేటప్పుడు ఉపాధ్యాయుడు సుద్దముక్క ఎత్తి ఆగిపోయేవాడు, శబ్దము పోయిన తరువాత వాక్యము పూర్తి చేసేవాడు. తరువాత నేను ఉపాధ్యాయుడనైనప్పుడు అదే చేసినాను. ఆదివారము మధ్యాహ్నము ఫ్లాస్కులో టీ, పెరుగన్నము పొట్లము పట్టుకొని కంచె దగ్గరకు పోయేవారము. టికెట్టు లేని సినిమా అది. అవ్వ మాత్రము ఒక్కసారి కూడా రాలేదు. కాళ్ళ నొప్పి అనేది. ఈస్టరు పండుగనాడు ఇసిపింగో రైల్ మారియమ్మ గుడికి మాత్రము అదే కాళ్ళతో నడిచి పోయేది. ఆ సంగతి నాకు 1983లో గాని అర్థము కాలేదు.

ఇంత దగ్గర విమానాశ్రయము పెట్టుకొని మనవారు ఇండియాకు ఎట్లు పోయేవారు? ఓడ మీదనే. 1946లో ఇండియా ఈ దేశముతో వ్యాపారము తెంచుకొన్నది. రాయబార సంబంధములు 1993 దాకా తిరిగి కుదరలేదు. కరంజా అనే ఓడ బొంబాయికిని డర్బన్‌కును నడుమ 1976 వరకు తిరిగేది. దానిలో పోయివచ్చిన ముసలివారు మన సభలో కొందరు ఇటీవలి దాకా ఉండిరి. ఓడ ఆగిన తరువాత ఇతర దేశముల మీదుగా విమానములు మారుతూ చుట్టు తిరిగి పోవలసి వచ్చినది. కంచె అవతల దిగే విమానములలో ఎక్కువ భాగము జొహన్నెస్‌బర్గ్‌కు, కేప్‌టౌన్‌కు పోయేవే.

ఇప్పుడు రీయూనియన్ ఎందుకు మూతపడినదో చెప్పవలెను. విమానము బరువెక్కిన కొలది, ఎండ ముదిరిన కొలది, ఎక్కువ దూరము పరుగెత్తి గాని లేవదు. దూర దేశమునకు నిండా నూనె పోసుకొన్న పెద్ద విమానమునకు 2,400 మీటర్లు చాలవు. పొడిగించుదామంటే ఒక చివర సముద్రము. చుట్టూ రైలు దారి, జాతీయ రహదారి, ప్రాస్పెక్టన్ కర్మాగారములు, నూనె శుద్ధి కర్మాగారము. స్టాంఫర్డ్ హిల్‌కు వచ్చిన రోగమే దీనికీ వచ్చినది. అందుచేత లండనుకో దుబాయికో పోవలెనంటే ముందు జొహన్నెస్‌బర్గ్ పోవలెను. 2009లో ఎమిరేట్స్ వారు డర్బన్ నుండి నేరుగా దుబాయికి విమానము వేసినప్పుడు దానికి మధ్యరకము విమానమునే వాడినారు.

ఈ సంగతి ప్రభుత్వమువారికి 1970 దశకములోనే తెలుసు. ఉత్తరమున, ఊరికి 35 కిలోమీటర్ల దూరమున, లా మెర్సీ దగ్గర చెరకు భూములను తీసుకొని, నేల చదును చేసి, నీటి కాలువలు కూడా వేసినారు. 1982లో దేశమునకు డబ్బు కొరత వచ్చి పని ఆపివేసినారు. చదును చేసిన గుట్టల మీద చెరకు మళ్ళీ పెరిగినది. టోంగాట్, వెరులం వైపు మన బంధువుల ఇండ్లకు పోయేటప్పుడు నాయన కారులో నుండి చూపించి, "అదిగో, మన కొత్త విమానాశ్రయము" అని నవ్వేవాడు. ఇరువది అయిదేండ్లు ఆ హాస్యము మా ఇంట్లో చెల్లినది.

2010లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు ఈ దేశములో జరుగుతవని తేలిన తరువాత పని మళ్ళీ కదిలినది. 2007 ఆగస్టులో మొదలుపెట్టి మూడేండ్ల లోపుననే ముగించినారు. పరుగు బాట 3,700 మీటర్లు. ఏటా 75 లక్షల మంది ప్రయాణికులకు సరిపడు భవనము. ఖర్చు 680 కోట్ల రాండ్ల పైమాట. ప్రయాణికుల విమానములలో అన్నిటికంటె పెద్దదైన ఎయిర్‌బస్ 380 కూడా దిగగలదు.

నడుమ పిచ్చుకల తగవు ఒకటి వచ్చినది. సరిగా చెప్పాలంటే పిచ్చుకలు కావు, వానకోయిలలు. యూరపులో చలికాలము రాగానే అవి ఆఫ్రికా అంతా దాటి వచ్చి, లా మెర్సీ ప్రక్కనున్న మౌంట్ మోర్లాండ్ రెల్లు మడుగులో రాత్రులు గడిపేవి. ఆ రోజులలో వాటి లెక్క సుమారు 30 లక్షలు. సూర్యాస్తమయమప్పుడు ఆకాశము నల్లబడేది. విమానముల దారి సరిగ్గా ఆ మడుగు దిక్కుగానే ఉన్నది. పక్షి ప్రేమికులు గోల చేయగా, పక్షుల గుంపులను కనిపెట్టే ప్రత్యేక రాడారు పెట్టి, గుంపు లేచే వేళ విమానములను ఆపుటకు ఏర్పాటు చేసినారు. ఇది మంచి పని, మెచ్చుకోవలెను. వానకోయిలల తరఫున మాట్లాడుటకు మనుష్యులు దొరికినారు. 1940లలో మడుంబీ రైతుల తరఫున ఎవరు మాట్లాడినారో నేను వెదుకుచున్నాను.

2010 ఏప్రిల్ 30 రాత్రి పాత విమానాశ్రయపు పని ముగిసినది. రాత్రికి రాత్రే సామగ్రి బండ్ల మీద దక్షిణము నుండి ఉత్తరమునకు తరలినది. మే 1 ఉదయము కొత్తదానిలో పని మొదలైనది. దానికి షాకా మహారాజు పేరు పెట్టినారు. జూలూ జాతిని కూర్చిన రాజు పేరు ఆయన నేల మీద నిలుచుట న్యాయమే. విగ్రహము విషయములో చిక్కు వచ్చినది. ఈటె, డాలు లేకుండా పశువుల నడుమ నిలిచిన షాకాను చూచి, మా పూర్వీకుని పశువుల కాపరిని చేసినారని జూలూ రాజవంశమువారు నొచ్చుకొన్నారు. కొద్ది వారములలో షాకాను తీసివేసినారు, పశువులు మిగిలినవి. ఆ శిల్పి ఇంటిపేరు కూడా బోథాయే అగుట ఒక వింత.

ఆరంభ దినములలోనే మరొక తల వంపు. జూలై 7న స్పెయినుకు, జర్మనీకి డర్బన్‌లో సెమీ ఫైనల్ ఆట. గొప్పవారి సొంత విమానములు వచ్చి దిగి, కదలకుండా చోటంతా ఆక్రమించుకొన్నవి. టికెట్లు కొన్న మామూలు జనము ఎక్కిన విమానములు దిగుటకు చోటు లేక వేరే ఊళ్ళకు మళ్ళినవి. చాలా మంది ఆట చూడనే లేదు. 3,700 మీటర్ల బాట ఉన్నా, నిలుపుకొను చోటు గొప్పవారికే ముందు అన్నమాట.

కొత్తదానితో లాభము లేదని అనను. ఎమిరేట్స్ విమానమెక్కి, దుబాయిలో మారి, హైదరాబాదులో దిగవచ్చును. మా తాత తల్లిదండ్రులు వారముల తరబడి దాటిన సముద్రమును నేను ఒక రాత్రి నిద్రలో దాటినాను. 2018 అక్టోబరులో లండనుకు నేరుగా విమానము వచ్చినది, 2020లో కోవిడ్ వచ్చి అది ఆగినది. మన పిల్లలు ఆ రెండు దారులలో పోయినారు. మా అబ్బాయి కూడా పోయినాడు. అక్కడ కంచె లేదు. అద్దము ఉన్నది. అద్దము అవతలికి చేయి ఊపితే వాడికి కనబడినదో లేదో తెలియదు.

మరి పాత నేల? 2012లో ట్రాన్స్‌నెట్ వారు దానిని 185 కోట్ల రాండ్లకు కొన్నారు. విమానముల బాట త్రవ్వి, సముద్రమును లోపలికి తెచ్చి, కంటెయినర్ ఓడల రేవు చేయవలెనని ఆలోచన. ఆ త్రవ్వకము ఏటికేడు వెనుకకు జరుగుతూ వచ్చినది, నేటికీ అక్కడికి ఓడ రాలేదు. చాలా మందికి తెలియని విషయము మరొకటి ఉన్నది. విమానములు తిరుగుచున్న కాలములో కూడా ఆ ఆవరణ అంచున మనవారు కొందరు నేల కౌలుకు తీసుకొని దశాబ్దములుగా కూరగాయలు పండించినారు. ప్రక్కన జెట్టు విమానము, ప్రక్కన మెంతికూర. రేవు మాట వచ్చినప్పుడు, లేచిపొమ్మంటారేమోనని వారికి భయము పట్టుకొన్నది. వారి తరఫున ఈసారి సంఘము ఉన్నది, పత్రికలు వ్రాసినవి, మెరెబ్యాంక్, ఇసిపింగో జనము సభలు పెట్టినారు. కౌలు కాగితము మాత్రము తాత నాటి వంటిదే.

ఇందుకే సభ్యులకు ఒక మనవి చేయుచున్నాను. రీయూనియన్, మెరెబ్యాంక్, క్లేర్‌వుడ్ పల్లములలో మడి చేసినవారి సంతతి మనలో చాలా కుటుంబములు ఉన్నవి. మీ ఇండ్లలో పాత రేకు పెట్టెలలో కౌలు రసీదు గాని, సంత పరవానా గాని, మడిలో తీసిన ఛాయాచిత్రము గాని ఉన్నచో, పారవేయక మా రాత్రి బడికి తీసుకొని రండి. నకలు తీసి వెంటనే తిరిగి ఇస్తాము. ఎవరి మడి ఎక్కడ ఉండేదో, ఎవరిని ఏ ఏట లేపినారో ఒక పటము మీద గుర్తు పెట్టుటకు మా తరగతివారు మొదలుపెట్టినారు. ఇప్పటికి పదునొకండు కుటుంబములు వచ్చినవి. పటములో ఇంకను చాలా ఖాళీ ఉన్నది.

మా ఇంట్లో మిగిలినది ఒకే కాగితము. తాత వేలి ముద్ర, రెండు ఎకరములు, ఏడాది కౌలు ముట్టినది అని ఉన్నది. ఉత్తరపు హద్దు కాలువ అని వ్రాసినారు. దక్షిణపు హద్దు దగ్గర కాగితము చిరిగిపోయినది.